కొట్టి చూశానని చెప్పాను

ప్లాట్ల పనిలోకి కొత్తగా దిగేవాళ్లు ఇప్పటికీ ఒకరిద్దరు నన్ను వెతుక్కుంటూ వస్తారు. మా వాడ చివర చాయ్ హోటల్లో పక్కన కూర్చుని, "కాకా, ఏ ఆఫీసుల చేరమంటవు? ఎవల దగ్గర పని నేర్చుకుంటే మంచిది?" అంటారు. అరవై దాటాక నేనూ అదే ప్రశ్న వేసుకున్నాను. దానికి నేను చెప్పుకున్న జవాబు వల్ల ఒక ఇల్లు పోయింది. నాది కాదు, నన్ను నమ్మినవాడిది. అందుకే ఆ ప్రశ్న వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మంట మీ మీద కాదు. మీకు నోటితో ఒక ముక్కలో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

నేను బాయిలో సర్దార్‌గా పనిచేసి దిగిపోయాను, అంటే రిటైరయ్యాను. బొగ్గు గనిని మేము బాయి అంటాం. షిఫ్టు మొదలవగానే మనుషులు పని చేసే చోటికి సర్దార్ అందరికన్నా ముందు వెళ్లాలి. కర్రతో తల మీది కప్పును కొట్టి చెవి పెట్టి వినాలి. గట్టిగా మోగితే పని చేసుకోవచ్చు. ఖాళీ డబ్బాలా పలికితే లోపల పొర విడిపోయిందని, అది ఎప్పుడైనా కూలుతుందని అర్థం. అప్పుడు అందరినీ వెనక్కి పంపి, దారికి అడ్డంగా రెండు కర్రలు ఇంటూ గుర్తులా కట్టాలి. ఆ కర్రలు దాటి ఎవడూ పోడు. ఎందుకని అడగడు కూడా. సర్దార్ 'కొట్టి చూసిన' అన్నాడంటే ఇరవై మంది ఆ మాట మీద లోపలికి నడుస్తారు. ముప్పై ఏళ్లు నా మాటకు ఉన్న విలువ అది. దాన్ని నేను దాచిపెట్టుకుని, దిగిపోయాక తీసుకెళ్లి అమ్ముకున్నాను.

దిగిపోయిన మొదటి ఏడాది ఇంట్లో నా పరిస్థితి ఏమిటో దిగిపోయినవాళ్లకే తెలుస్తుంది. పొద్దున్నే సైరన్‌కు మెలకువ వచ్చేది, వెళ్లడానికి చోటు ఉండేది కాదు. నా భార్య ఊడుస్తూ వచ్చి, "జెర కాళ్లు లేపు" అనేది. రోజుకు నాలుగు సార్లు కాళ్లు లేపాను. అప్పుడే చుట్టూ వెంచర్లు పుట్టుకొస్తున్నాయి. నాతో దిగిపోయినవాళ్లంతా కంపెనీ క్వార్టర్లు ఖాళీ చేసి సొంత జాగా కోసం తిరుగుతున్నారు. నాకు అందరూ తెలుసు. ఆ పని నేను చేయగలననిపించింది.

ముందు రామగుండంలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన వయసులో ఉన్నప్పటి నుంచి దస్తావేజులు రాసేవాడు, తర్వాత అదే గదిలో భూములు చూపించే ఆఫీసు పెట్టాడు. ఆఫీసు అంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ నిండా బట్టలో కట్టిన కాగితాల మూటలు. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"సర్దార్ సాబ్, పని నేర్పుత. ఆరు నెలలు ఇక్కడ కూసొని పాత కాగజ్‌లు చదువాలె. ఈ సర్వే నంబరు ఎవలది, వాళ్ల అయ్యకు ఎట్ల వచ్చింది, మధ్యల ఎవలకు పోయింది. గది తెల్వకుంటే ప్లాటు చూపెట్టద్దు."

"ఆరు నెలలా? నాకు భూమి కొత్త కాదు భాయ్. దాని లోపలనే ముప్పై ఏండ్లు తిరిగిన."

"లోపల తిరిగినవు. మీద ఎవలున్నరో చూసినవా?" అన్నాడు నవ్వకుండా.

నాకు రోషం వచ్చింది. అరవై ఏళ్ల మనిషిని ఒకటో తరగతిలో కూర్చోబెడతానంటాడా అనుకున్నాను. చాయ్ తాగకుండానే లేచి వచ్చాను. నా గురువు ఎవరో ఆ రోజు ఆ గదిలోనే తెలిసిపోయింది. నేనే గుర్తుపట్టలేదు. గుర్తుపట్టలేదనడం కూడా అబద్ధం. గుర్తుపట్టాను, ఇష్టపడలేదు.

రెండో ఆయన నన్ను వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చాడు. గోదావరిఖనిలో అద్దాల ఆఫీసు ఉన్నవాడు, నాకంటే పదిహేనేళ్లు చిన్న. లోపలికి వస్తూనే నా కాళ్లకు దండం పెట్టాడు. "అన్నా, నీ అసొంటి మనిషి ఇంట్ల కూసుంటే మాకు శరం," అన్నాడు. వారం తిరిగేలోపు నాకు ఒక కార్డు అచ్చు వేయించాడు. దాని మీద 'ముఖ్య సలహాదారు' అని ఉంది. ఆఫీసులో తిరిగే కుర్చీ ఇచ్చాడు.

ఆయన దగ్గర నేను పని నేర్చుకోలేదని చెప్పను. జాగా చూడటానికి ఆలుమగలు వస్తే మగాయనతో కాదు, ముందు ఇంటామెతో మాట్లాడాలన్నాడు. పొయ్యి ఎటు పెట్టుకుంటారో అడిగితే ఆమె మనసులో ఇల్లు కట్టేసుకుంటుందన్నాడు. ఎండలో నిలబెట్టి చూపించొద్దు, చెట్టు నీడ ఉన్న మూలకు నడిపించాలన్నాడు. కొనేవాడు మౌనంగా ఉంటే మనమూ మౌనంగా ఉండాలన్నాడు. అన్నీ నిజమే, అన్నీ పనికొచ్చాయి. కాగితం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. నేను అడగలేదు.

ఆయన వెంచరు మా పాత బాయి పక్కన. ఆ బాయి మూతపడి చాలా ఏళ్లయింది. మొదటిసారి జీపులో తీసుకెళ్లినప్పుడు, నేల చదును చేసి రంగురంగుల జెండాలు కట్టి ఉన్నాయి. చివరి రెండు వరసల దగ్గర దిగేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. ఎదురుగా మూసేసిన గాలి బాయి గుండ్రటి గోడ కనిపించింది. గనిలోకి గాలి పోవడానికి తవ్విన ఆ బాయిని కింది నుంచి నేను వెయ్యి సార్లు చూశాను. దానికి తూర్పున కప్పును మోసే బొగ్గు స్తంభాలు ఉండేవి. వాటిని చివరికి మేమే తీశాం. ఆ జట్టుకు సర్దార్‌ను నేనే. స్తంభాలు తీశాక కింద మిగిలేది ఖాళీ. దాన్ని గోఫ్ అంటాం. పైనున్న నేల ఎప్పుడో ఒకప్పుడు కుంగుతుంది. అందుకే ఆ మేరకు భూమి కంపెనీ ఎప్పుడో తీసుకుని, హద్దు మీద సున్నం కొట్టిన రాళ్లు పాతింది. ఇప్పుడు అక్కడ ఒక్క రాయి లేదు.

రాళ్లు సైట్ ఆఫీసు ముందు దొరికాయి. ఏడు రాళ్లు, గుమ్మానికి మెట్లుగా వేసి ఉన్నాయి. ఒకదాని పక్కన ఇంకా సున్నం అంటి ఉంది.

"ఈ రాళ్లు ఎక్కడియి?" అన్నాను.

"డోజర్ కొడుతుంటే ఎల్లినయన్నా. వానకాలం చెప్పులకు బురద అంటకుండ ఏసిన."

"ఆ చివరి వరసల కింద ఖాళీ ఉంటది. నాకు తెల్సు."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "పాత కాగితంల సర్వే నంబరు మొత్తం పట్టాదారు పేరు మీదనే ఉన్నది. రిజిస్ట్రేషన్ అయితది. ఇన్నేండ్ల నుంచి కుంగనిది ఇప్పుడు కుంగుతదా? నువ్వు ఇంక కిందికెల్లి చూసుడు బంద్ పెట్టు. మీదికెల్లి చూడు."

నేను ఆ రాళ్ల మీదే అడుగు వేసి లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఇన్నేళ్లలో కుంగాల్సింది కుంగిపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. గనిలో ఒక్క రోజైనా పనిచేసినవాడు అలా అనుకోడు. కప్పు ఏళ్లు ఊరుకుని ఒక పూటలో కూలుతుందని నా కింద పనిచేసిన కొత్తవాళ్లకు నేనే పాఠం చెప్పాను. నేనే మర్చిపోయానంటే, మర్చిపోవాలనుకున్నాను కాబట్టి. చివరి వరసలకు కమీషన్ ఎక్కువ పెట్టాడు. ఎందుకో అడగలేదు.

ఆదివారాలు షామియానా వేసి భోజనాలు పెట్టేవాడు. బెల్లంపల్లి నుంచి, రామకృష్ణాపూర్ నుంచి దిగిపోయిన కార్మికులు ఆలుమగలుగా బస్సులో వచ్చేవాళ్లు. ఆయన మైకు పట్టుకుని నా కథ చెప్పేవాడు. ఒకప్పుడు నేను కప్పు కొట్టి చూసి, అందరినీ ఆపి, వెనక్కి పంపిన కాసేపటికి కప్పు కూలిన సంగతి. "ఆ చెయ్యి కొట్టి చూసిన నేల ఇది," అనేవాడు. జనం నా వైపు తిరిగి చూసేవాళ్లు. నేను తల వంచుకునేవాడిని. వాళ్లు దాన్ని వినయం అనుకునేవాళ్లు.

ఆ కథ ఆయనకు చెప్పింది కప్పు కూలిన రోజు నాతో ఉన్న టింబర్‌మెన్. కప్పుకు దుంగలు ఆనించి నిలబెట్టే పని అతనిది. నా జట్టులో పదకొండేళ్లు చేశాడు. నన్ను సర్దారన్న అనేవాడు. క్వార్టరు ఖాళీ చేయాల్సిన గడువు దగ్గర పడి, ఒక ఆదివారం భార్యతో వచ్చాడు. ఆమెకు చివరి వరసలో తూర్పు మూల జాగా నచ్చింది. ఎందుకు నచ్చదు? పొయ్యి ఎటు పెట్టుకుంటావమ్మా అని అడిగి, చెట్టు నీడలో నిలబెట్టింది నేనే.

అతను మడమతో నేలను రెండుసార్లు తన్ని నవ్వాడు.

"కొట్టి చూసినవా సర్దారన్నా?"

చెప్పడానికి అదే సమయం. ఇంకో వరస చూపిస్తే సరిపోయేది. వెనక షామియానాలో ఆయన మా వైపే చూస్తున్నాడు.

"చూసిన," అన్నాను.

"అయితే చాలు. నడువు, సంతకం పెడుత."

కాగితాలు తిప్పి కూడా చూడలేదు. బాయిలో నా వెనక ఎలా నడిచాడో అలాగే నా వెనక ఆఫీసులోకి నడిచాడు. ఆ ఏడు మెట్ల మీదుగా.

రెండు గదులు, ఒక వసారా కట్టుకున్నారు. గృహప్రవేశం రోజు ఆమె నా చెయ్యి పట్టుకున్నంత పని చేసి నన్ను వంటింట్లోకి తీసుకెళ్లింది. గోడకు ఒక మేకు, దానికి క్యాలెండరు.

"ఈ మొల నేనే కొట్టిన అన్నా. ముప్పై ఏండ్లు క్వార్టర్ల ఉన్న. గోడకు మొల కొడుతనంటే ఈయన కొట్టనిస్తేనా. కంపెనీ గోడ, కంపెనీ గోడ అని సంపిండు."

"ఇప్పుడు కొట్టు, ఎన్ని కొడుతవో," అన్నాడు అతను వెనక నుంచి. "గోడంత జల్లెడ చెయ్యి."

నేను పరమాన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. అది గుర్తుకొస్తే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

రెండు వానాకాలాలు గడిచాయి. గోడకు సన్నటి పగులు వచ్చింది. సరిగ్గా ఆ మేకు కొట్టిన చోటు నుంచి కిందికి. అతను భార్యను తిట్టాడు. ఆమె క్యాలెండరు తీసేసి, మేకు పీకి, సిమెంటు పూసింది. పగులు మళ్లీ వచ్చింది. మళ్లీ పూసింది. ఈ సంగతంతా నాకు తర్వాత తెలిసింది. ఆమె నెలల పాటు తన మేకు వల్లే గోడ చెడిందని అనుకుంటూ, వచ్చినవాళ్లకు కనిపించకుండా అక్కడ చాట ఆనించి నిలబెట్టేది.

ఒక ఆదివారం పొద్దున అతను మా ఇంటికి వచ్చాడు. "వంటింటి తలుపు పడ్తలేదు. జెర వచ్చి చూడు," అన్నాడు. ఇంటికి వెళ్లాక మూలనున్న గడ్డపార తెచ్చి నా చేతికి ఇచ్చాడు.

"కొట్టు."

"ఏంది?"

"బాయిల నువ్వు కర్ర పట్టుకుంటే మేం నోరు మూసుకొని నిలవడుదుము. ఇప్పుడు గూడ నిలవడుత. కొట్టి చెప్పు."

వసారాలో కొట్టాను. గట్టిగా మోగింది. ముందు గదిలోనూ పర్వాలేదు. వంటింట్లో అడుగుపెట్టి గోడ పక్కన కొట్టాను. ఖాళీ డబ్బా పలికింది. ఇంకో మూల కొట్టాను. అదే పలుకు. పొయ్యి మీద పాలు పొంగడానికి వస్తున్నాయి, ఆమె గరిటె పట్టుకుని నా ముఖం చూస్తోంది. రెండేళ్ల కిందట ఈ నేల మీద నిలబడి వినాల్సిన చప్పుడు అది. అప్పుడు నా చేతిలో గడ్డపార లేదు, జేబులో కార్డు ఉంది.

"బయటికి నడువుండ్రి," అన్నాను. "ఇద్దరు. ఇప్పుడే."

గనిలో ఆ మాట అంటే పనిముట్లు ఎక్కడివక్కడ వదిలేస్తారు. అతను స్టవ్ ఆపి, ఆమె రెక్క పట్టుకుని బయటికి నడిచాడు. ఆమె వాకిట్లో నిలబడి ఒక్కటే అడిగింది.

"నా మొల వల్లనేనా అన్నా?"

అక్కడి నుంచి నేరుగా షామియానా దగ్గరికి నడిచాను.

ఆ రోజు కూడా బస్సు వచ్చింది. చివరి వరసలో ఇంకా మిగిలిన జాగాలు అమ్మాలి. ఆయన మైకులో కప్పు కూలిన కథ సగంలో ఉన్నాడు. నన్ను చూసి, "ఇగో, మాట్లాడుకుంటనే వచ్చిండు," అన్నాడు. నేను ఆగలేదు. షామియానా వెనక పడేసిన రెండు సరివి కర్రలు, ఇంత తాడు తీసుకున్నాను. చివరి వరసల్లోకి పోయే దారి మొదట్లో రెండు కర్రలూ ఇంటూ గుర్తులా నిలబెట్టి కట్టాను. రెండుసార్లు ముడి జారిపోయింది. మూడోసారికి పడింది.

"ఏందన్నా గిది, తోరణమా?" అన్నాడు ఆయన మైకులోనే, జనాన్ని నవ్వించడానికి.

ఎవరూ నవ్వలేదు. అక్కడున్న మగవాళ్లంతా బాయి దిగినవాళ్లే. ఆ కర్రలు చూసి వాళ్ల కాళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బెల్లంపల్లి నుంచి వచ్చిన ఒక ముసలాయన నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు.

"సర్దార్, కింద గోఫా?"

"అవు. నేనే తీయించిన."

"తెల్సే అమ్మినవా?"

"తెల్సే అమ్మిన."

ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కొడితే బాగుండేది. వెనక్కి తిరిగి భార్యతో, "నడువే, బస్సెక్కుదాం," అన్నాడు. ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. కొందరు భోజనం చేసి వెళ్లారు. వాళ్లను తప్పుపట్టను, వండింది చల్లారిపోతోంది.

జనం పోయాక అద్దాల ఆఫీసు ఆయన తిరిగే కుర్చీలో కూర్చుని నాతో చాలా నెమ్మదిగా మాట్లాడాడు. "అన్నా, నేను ఎన్నడన్న నేల మంచిదని చెప్పిన్నా? నేను నువ్వు మంచోనివని చెప్పిన. నేల మంచిదని చెప్పింది నువ్వు. ఎవలన్న కేసు పెడితే ఫస్టు నీ పేరే చెప్పుత."

ఆయన మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. ఇప్పుడు రాస్తుంటే కూడా పెన్ను కాగితంలో దిగబడుతోంది. కానీ ఆ మాట నిజం. ఆయన నన్ను మోసం చేయలేదు. మొదటి రోజే రాళ్లు మెట్లుగా వేసి చూపించాడు. నాలాంటివాడు వాటిని తొక్కి లోపలికి వస్తాడా రాడా అని చూసి, వచ్చాకే జనం ముందు నిలబెట్టాడు.

మర్నాడు టింబర్‌మెన్‌ను వెంటబెట్టుకుని రామగుండం పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితాలన్నీ చదివాడు. పావుగంట కూడా పట్టలేదు. వేలితో ఒక చోట చూపించాడు. సర్వే నంబరులో ఆ మేర భూమి ఎప్పుడో కంపెనీకి పోయిన సంగతి, భూమి అంతకుముందు చేతులు మారినప్పటి పాత లింకు కాగితం వెనక, చెరిగిపోయిన రబ్బరు ముద్ర కింద ఉంది.

"ఆరు నెలలు కూసొమ్మన్న, సర్దార్ సాబ్," అన్నాడు. "నాలుగో నెలల గిది చదువుడు వచ్చేది నీకు."

అర్జీలు ఆయనే రాసిపెట్టాడు. కేసు నడుస్తోంది. వాయిదాలకు నేనూ వెళ్తాను. నాకు తెలిసిందంతా, నేను చెప్పిన అబద్ధంతో సహా, రాసి సంతకం పెట్టి ఇచ్చాను. నా కమీషన్ తిరిగి ఇచ్చేశాను. దానితో గోడ నిలబడదు. వంటిల్లు ఆ తర్వాతి వానలకు జానెడు కుంగింది, గోడ బయటికి ఒరిగింది. అద్దాల ఆఫీసు ఆయన జైపూర్ వైపు కొత్త పేరుతో ఇంకో వెంచరు వేశాడు. అక్కడి కార్డు ఒకటి నా చేతికి వచ్చింది. 'ముఖ్య సలహాదారు' కింద ఇంకో రిటైర్డ్ సర్దార్ పేరు ఉంది. వెళ్లి అతన్ని కలిశాను. చెప్పిందంతా విన్నాడు, చాయ్ ఇప్పించాడు, తన తిరిగే కుర్చీలో కూర్చునే విన్నాడు.

ఇక మీరు అడిగేదానికి. ఆఫీసు పేరు నేను చెప్పను. చేరేముందు అక్కడ మీకు మొదట ఏమిస్తున్నారో చూడండి. పాత కాగితాల మూట ఇస్తే కూర్చోండి, ఎంత విసుగ్గా ఉన్నా. కుర్చీ, కార్డు ఇస్తే, మీ దగ్గర వాళ్లకు కావలసింది మీ పని కాదు. మీ ఊళ్లో మిమ్మల్ని నమ్మేవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని వచ్చారు. ఇంతకుమించి నాకు తెలియదు. ఇది తెలుసుకోవడానికి ఇంకొకరి వంటిల్లు ఖర్చయింది.

వాళ్లిద్దరూ ఇప్పుడు ఒక గదిలో కిరాయికి ఉంటున్నారు. అతను నన్ను సర్దారన్న అనడం మానేశాడు. ఏమీ అనడు, వస్తే కుర్చీ వేస్తాడు. పోయిన నెల వాయిదా సంగతి చెప్పడానికి వెళ్లాను. కొత్త సంవత్సరం క్యాలెండరు పెట్టె మీద పడుకోబెట్టి ఉంది. గోడకు మేకు కొట్టొద్దని ఇంటి యజమాని ముందే చెప్పాడట. ఆమె చాయ్ ఇచ్చి తలుపు దగ్గర నిలబడింది. అప్పుడు వాకిట్లో ఆమె అడిగినదానికి జవాబు ఆ రోజు చెప్పాను.

"చెల్లే, ఆ పగులు నీ మొల వల్ల కాదు. నా వల్ల వచ్చింది."

ఆమె ఖాళీ గ్లాసు అందుకుంది.

"నిజంగనేనా అన్నా," అంది. "కొట్టి చూసే చెప్తున్నవా?"